కాంపోజిషన్ ఎవరి పని?

డిగ్రీ చదివే పిల్లలున్న ఇళ్ళలో కొన్నేళ్ళుగా ఒక కొత్త హడావుడి బయలుదేరింది. ఒక పక్క ఆవకాయ జాడీలు కడిగి ఎండబెడుతూంటే, మరో పక్క పిల్లవాడో పిల్లో ఒక లావుపాటి పుస్తకం చంకన పెట్టుకుని ఊళ్ళమీద పడతారు. ముక్కూ మొహం తెలియని వాళ్ళ గుమ్మం ముందు నిలబడి, "మీ ఇంట్లో ఎంతమందండీ? తాగే నీళ్ళెక్కడివండీ? పిల్లల్ని ఏ బడికి పంపిస్తున్నారండీ?" అని అడుగుతారు. ఆ ఇంటివాళ్ళు మొదట రేషను కార్డు తీసెయ్యడానికి వచ్చారేమోనని హడలిపోతారు. కాలేజీ పిల్లలని తెలిశాక మజ్జిగ ఇచ్చి అరుగు మీద కూర్చోబెడతారు.

సంగతేమిటంటే, 2020-21లో ఆంధ్రప్రదేశ్ ఉన్నత విద్యామండలి డిగ్రీ చదువు పద్ధతి మార్చినప్పుడు, "కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు" అని ఒకటి అందరికీ నిర్బంధం చేసింది. మొదటి సంవత్సరం అయిన తర్వాత 180 గంటలు ఒక ఊళ్ళో పనిచెయ్యాలి. బి.ఏ., బి.కాం., బి.ఎస్సీ. అన్న తేడా లేదు. ఏ రోజు ఏం చేశారో ఆ రోజు పేజీలో వ్రాయాలి. వారానికొక నివేదిక వ్రాయాలి. చివరికి అన్నీ కలిపి ఒక రిపోర్టు తయారుచెయ్యాలి. ఆ పైన ఇంటర్న్‌షిప్పులన్నారు, వాటికీ రిపోర్టులున్నాయి. మన గోదావరి జిల్లాల్లో రాజమండ్రి ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం కింద చదివే పిల్లలకూ ఇదే పద్ధతి వచ్చింది.

కాగితం మీద చూస్తే ఇంతకన్న మంచి ఆలోచన లేదు. లెక్కలు చదివేవాడూ, కామర్సు చదివేవాడూ, చేపల పెంపకం చదివేదీ, అందరూ కళ్ళతో చూసినది కలం పట్టుకుని వ్రాయాలి. వ్యాసం వ్రాయడమంటే తెలుగు మాస్టారి గంటలో జరిగే తతంగం అనే మన పాత అలవాటుకి ఇది మంచి మందు.

అయితే ప్రతి కాలేజీ వీధిలోనూ ఒక జిరాక్సు కొట్టు వుంటుంది గదా! ఆ కొట్టువాడు మనకంటే నాలుగాకులు ఎక్కువ చదివినవాడు. "ఏ ఊరు పేరు వెయ్యమంటారు? బైండింగు నీలమా, మెరూనా?" అని రెండే ప్రశ్నలు అడుగుతాడు. మర్నాటికి రిపోర్టు సిద్ధం. అలాంటిది ఒకటి నా చేతికి వచ్చింది. ఊరు మన డెల్టా నడిబొడ్డున వున్నది. రిపోర్టులో మాత్రం "కొండవాలు భూముల్లో మట్టి కోత నివారణ" గురించి రెండు పేజీలున్నాయి. ఆ ఊళ్ళో కొండ మాట దేవుడెరుగు, కాస్త పెద్ద రాయి చూడాలంటే చాకిరేవు దాకా నడవాలి.

నేను పోస్టాఫీసులో ముప్ఫయి ఏళ్ళకు పైగా పనిచేసి రిటైరైనవాణ్ణి. పండితుణ్ణి కాను. కాని ఇతరుల వ్రాత చదవడంలో నాకు కొంత సాధన వుంది. మనియార్డరు ఫారం అడుగున సమాచారం వ్రాసుకునేందుకు చిన్న గడి వుండేది. అంతలోనే తల్లికి ధైర్యం చెప్పేవాళ్ళు, తమ్ముడికి చివాట్లు పెట్టేవాళ్ళు, అప్పు తీరిందో లేదో ఆరా తీసేవాళ్ళు. అంతంత మాత్రం చదువుకున్నవాళ్ళు కూడా అక్కడ ఒక్క మాట వృథా చేసేవారు కారు. చెప్పవలసిన సంగతి వుంది, వినవలసిన మనిషి వున్నాడు. అందువల్ల వ్రాత దానంతటదే వచ్చేది. డిగ్రీ చదివిన పిల్లల రిపోర్టులు చూస్తే, ఆ రెండూ లేకపోవడమే అసలు జబ్బని నాకనిపిస్తుంది. అవి ఎవరికోసం వ్రాస్తున్నారో వ్రాసేవాడికే తెలియదు.

వ్రాయడం చదువులో భాగం కావాలనే ఆలోచన మనవాళ్ళకు ఒక్కసారిగా తోచినది కాదు. అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయం 1885లో కొత్తగా చేరే విద్యార్థులకు ఇంగ్లీషు కాంపోజిషన్ క్లాసు పెట్టింది. మిగతా కాలేజీలన్నీ అదే బాట పట్టాయి. తొంభై ఏళ్ళ తరువాత చూసుకుంటే, వ్రాత అనేది ఆ ఒక్క క్లాసుకే పరిమితమై, చరిత్ర చెప్పేవారూ, భౌతికశాస్త్రం చెప్పేవారూ "అది మా పని కాదు" అని చేతులు దులుపుకున్నట్టు తేలింది. ఇంగ్లండులో 1975లో బులక్ కమిటీ, భాష నేర్పడం ఒక్క భాషోపాధ్యాయుడి పని కాదు, ప్రతి పాఠం చెప్పేవారిదీ అని గట్టిగా చెప్పింది. ఆ రోజుల్లోనే అమెరికాలోనూ ఈ గాలి వీచింది. హవాయి విశ్వవిద్యాలయంలో 1987 నుంచి, ఏ విషయం చదివినా సరే, వ్రాత ఎక్కువగా వుండే కోర్సులు కొన్ని పూర్తిచేస్తేగాని పట్టా ఇవ్వరాదని నియమం పెట్టారు. అలాంటి క్లాసులో 20 మందికి మించకూడదు. ఒక్కొక్కరూ మొత్తంమీద కనీసం 4,000 మాటలు వ్రాయాలి. వ్రాసినది అధ్యాపకుడు చదివి, ప్రశ్నలు వేసి, తిరిగి ఇవ్వాలి. విద్యార్థి దాన్ని మళ్ళీ వ్రాయాలి.

ఈ "మళ్ళీ వ్రాయడం" అన్నదే కిటుకంతా. మన తల్లులకిది కొత్త కాదు. ముగ్గు మొదటిసారి చుక్క తప్పితే తుడిచి మళ్ళీ పెడతారు. నోటితో చెప్పేటప్పుడు "అదీ... మరీ..." అని చేతులు తిప్పి గండం గట్టెక్కవచ్చును. కాగితం మీద చెయ్యి తిప్పడానికి లేదు. ఎక్కడ మనకు తెలియదో అక్కడ వాక్యం ఆగిపోతుంది. ఆగిన చోట విద్యార్థి వెనక్కి వెళ్ళి పుస్తకమో, ఊరో, పరీక్షనాళికో మళ్ళీ చూడాలి. రసాయనశాస్త్రం చెప్పేవారు వ్యాసం దిద్దితే అచ్చుతప్పులు దిద్దరు. ఆ ఆగిన చోటు చూపిస్తారు. తెలుగు మాస్టారు ఎంత గొప్పవారైనా ఆ పని చెయ్యలేరు.

మన నన్నయగారి సంగతే తీసుకోండి. భారతం తెనిగించడానికి తనకు నారాయణభట్టు తోడ్పడ్డాడని ఆయనే చెప్పుకున్నాడు. రాజరాజనరేంద్రుడు 1053లో ఆ నారాయణభట్టుకు కోనసీమలోని నందంపూడిని అగ్రహారంగా ఇచ్చాడు. ఆదికవికే పక్కన ఒక చదివే మనిషి కావలసివచ్చాడు. మన పద్ధెనిమిదేళ్ళ పిల్లలను మాత్రం ఒంటరిగా కూర్చుని వ్రాసి పారేయమంటున్నాం.

అసలు ఈ కాంపోజిషన్ గొడవ మన గోదావరి గడ్డకు పాతదే. నూరేళ్ళ కిందట దీనిమీద జరిగిన యుద్ధం ఇంకా పెద్దల నోళ్ళలో నానుతూనే వుంది. దాన్ని గ్రాంథిక వ్యావహారిక వాదమని అందరూ ఎరుగుదురు. కాని అది ఒక పరీక్ష పేపరు వల్ల రాజుకున్నదని చాలామంది మరిచిపోయారు.

అప్పట్లో మనకు వేరే విశ్వవిద్యాలయం లేదు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926లో గాని రాలేదు. రాజమండ్రి, కాకినాడ కాలేజీలు మద్రాసు విశ్వవిద్యాలయం కిందనే వుండేవి. 1904 యూనివర్సిటీల చట్టం తరువాత మద్రాసు వారు ఎఫ్.ఏ. తీసివేసి ఇంటర్మీడియట్ పెట్టారు. అందులో దేశభాషలో కాంపోజిషన్ చేర్చారు. లెక్కలవాడైనా చరిత్రవాడైనా తెలుగులో నాలుగు పేజీలు సొంతంగా వ్రాయాలన్నమాట. ఇంతకాలం ఇంగ్లీషులో తప్ప కలం కదపని కాలేజీ విద్యార్థికి ఇది పెద్ద మార్పు. అప్పుడు వచ్చింది అసలు ప్రశ్న: ఏ తెలుగులో వ్రాయాలి?

ఆ ప్రశ్న వేసినవారెవరో చూడండి. 1907 ప్రాంతంలో ఉత్తర కోస్తాలో స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుగా వున్న యేట్స్ దొర, జనం మాట్లాడే తెలుగుకీ పుస్తకాల తెలుగుకీ ఇంత దూరమెందుకు అని అడిగాడు. విశాఖపట్నం మిసెస్ ఏ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారు ఆ ప్రశ్నను పట్టించుకున్నారు. విజయనగరంలో గురజాడ అప్పారావుగారు, పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తిగారు అందుకున్నారు. వీరిలో ఎవరూ తెలుగు పండితుల ఉద్యోగం చేసినవారు కారు. గిడుగువారు పర్లాకిమిడి రాజావారి కాలేజీలో చరిత్ర చెప్పేవారు. సవరల భాష వాళ్ళ నోటినుంచే విని నేర్చుకున్న మనిషి. చరిత్ర పాఠం చెప్పి, పిల్లవాడు దాన్ని తన మాటల్లో తిరిగి చెప్పలేకపోవడం రోజూ చూసిన మనిషి. వ్రాత విషయంలో మిగతా సబ్జెక్టుల మాస్టర్లు కల్పించుకోవడమంటే ఇదే. ఈనాడు హవాయిలోనో లండనులోనో చెబుతున్నది ఆయన అప్పుడే చేసి చూపించారు.

1912-13లో స్కూలు ఫైనలు బోర్డు కార్యదర్శి, వ్యాసం కావ్యభాషలోనైనా ఆధునిక భాషలోనైనా వ్రాయవచ్చునని ఉత్తరువు ఇచ్చాడు. దాంతో పండితలోకం భగ్గుమన్నది. 1911లో వెలసిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు ఎదురు నిలిచింది. దానికి నాయకులు జయంతి రామయ్య పంతులుగారు. ఆయనది మన కోనసీమ ముక్తేశ్వరం. 1913లో ఆయన గ్రాంథిక భాషను సమర్థిస్తూ ఇంగ్లీషులో ఒక పుస్తకం వ్రాశారు. గిడుగువారూ అదే ఏడు ఆధునిక తెలుగు మీద ఒక మెమొరాండం ఇంగ్లీషులోనే వ్రాశారు. తెలుగు ఎలా వ్రాయాలో ఇద్దరూ ఇంగ్లీషులో పోట్లాడుకోవలసివచ్చిందంటే ఆనాటి తీరు మీరే ఊహించుకోండి.

విశ్వవిద్యాలయం వారు కాంపోజిషన్ సంగతి తేల్చమని ఒక ఉపసంఘం వేశారు. అందులో గ్రాంథికవాదులే ఎక్కువ. 1914లో నిర్ణయం వారి పక్షానే వచ్చింది. గురజాడవారు విడిగా తమ అసమ్మతి పత్రం వ్రాసి ఇచ్చారు. మరుసటి ఏడాది నవంబరులో ఆయన కన్నుమూశారు.

రామయ్య పంతులుగారి పక్షాన్ని ఈనాడు వెక్కిరించడం సులువు. నేను ఆ పని చెయ్యను. జిల్లాకొక యాసలో వ్రాస్తే, గంజాంవాడి వ్యాసం నెల్లూరివాడు ఎలా చదువుతాడన్నది వారి భయం. అందరికీ ఒకే కొలత కావాలన్నారు. ఆ పట్టుదలతోనే పిఠాపురం రాజావారి ఆదరవుతో సూర్యరాయాంధ్ర నిఘంటువు వంటి పెద్ద పనికి పూనుకున్నారు. ఆ పుస్తకం విప్పినప్పుడల్లా వారికి ఒక నమస్కారం పెట్టవలసిందే.

కాని పరీక్ష హాలులో జరిగినది వేరు. తనది కాని భాషలో వ్రాయవలసి వచ్చిన పిల్లవాడు మొదట మానేసేది ఆలోచించడం. అరసున్న ఎక్కడ పెట్టాలి, సంధి ఎక్కడ చెయ్యాలి అన్న బెంగతో వాడికి విషయం గుర్తుకు రాదు. అందుకని అచ్చయిన వ్యాసాలు బట్టీపట్టి దింపేసేవాడు. "ఆవు", "సత్యము", "కాలము విలువ". అవి ఈనాటి జిరాక్సు కొట్టుకు తాతలు. గిడుగువారు మరో తమాషా చేశారు. గ్రాంథికమే వ్రాయాలన్న పండితులే తప్పులు లేకుండా వ్రాయలేకపోతున్నారని, వారి పుస్తకాల్లోంచే తప్పులు ఏరి చూపించారు. గురువులకే పట్టుబడని భాషలో శిష్యుడికి మార్కులెలా వేస్తారన్నదానికి జవాబు రాలేదు.

కథలో నాకు అన్నిటికన్న ఇష్టమైన ఘట్టం రాజమండ్రిలో జరిగింది. కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1874లో వివేకవర్ధని పత్రిక పెట్టినవారు. తెలుగు పండితులుగా పనిచేస్తూనే శారీరశాస్త్రం మీద, జంతువుల స్వభావం మీద పుస్తకాలు వ్రాసినవారు. వ్రాతకు సబ్జెక్టు గోడలు లేవని మన ఊళ్ళో ముందుగా నిరూపించినది వారే. కాని ఆయన వచనం చిన్నయసూరి బాటలో మొదలైన వచనం. గ్రాంథికవాదులకు ఆయన కొండంత అండ. అటువంటి మనిషి 1919 ఫిబ్రవరిలో, డెబ్బయి ఏళ్ళు నిండిన తరువాత, రాజమండ్రిలో వ్యావహారిక భాషా ప్రచారానికి పెట్టిన సమాజానికి అధ్యక్షులుగా కూర్చున్నారు. మూడు నెలలు తిరక్కుండా మే 27న మద్రాసులో పోయారు.

తరువాత 1924లో కాకినాడలో సాహిత్య పరిషత్తే వ్యావహారికం మీద నిషేధం ఎత్తివేసింది. 1925లో తణుకు సభలో గిడుగువారు నాలుగు గంటలసేపు పుస్తకాలు విప్పి ఉదాహరణలు చూపుతూ మాట్లాడారని చెప్పుకుంటారు. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులోకి పోయినప్పుడు, ఆయన ఆ ఊరు వదిలి రాజమండ్రి వచ్చేశారు. పత్రికలు, కథలు, నవలలు వాడుకభాషలోకి వచ్చేశాయి. 1968లో తెలుగు అకాడమీ వచ్చి, కాలేజీ పుస్తకాలు తెలుగులో వేయడం మొదలైంది.

అంతా బాగానే వుంది. కాని ఇంత పోరాటంలో ఒక్క సంగతి ఎవరికీ పట్టలేదు. ఏ తెలుగు అన్నది తేలింది; కాంపోజిషన్ ఎవరి పని అన్నది తేలలేదు. చరిత్ర మాస్టారు మొదలుపెట్టిన ఉద్యమం గెలిచాక, వ్యాసం మళ్ళీ తెలుగు మాస్టారి బల్లమీదికే చేరింది. సైన్సు మాస్టారు "ఐదు పాయింట్లు వ్రాయండి చాలు" అన్నారు. మన పిల్లలు పాయింట్లలో పెరిగారు. ఇప్పుడు ఒక్కసారిగా 180 గంటల అనుభవం వ్రాయమంటే వాళ్ళు జిరాక్సు కొట్టుకు పరుగెత్తడంలో వింతేముంది?

పైగా పాత ప్రశ్న కొత్త వేషంలో వచ్చింది. 2021-22 నుంచి డిగ్రీ చదువు ఇంగ్లీషు మీడియంలోనే అని ప్రభుత్వం నిర్ణయించింది. పుస్తకం ఇంగ్లీషు, రిపోర్టు ఇంగ్లీషు. ఊళ్ళోవాళ్ళు చెప్పేది తెలుగు. ఇంగ్లీషు రావాలి, పిల్లల ఉద్యోగాలు దానిమీద వున్నాయి, కాదనడానికి నేనెవణ్ణి? కాని ఒక మనిషి తెలుగులో చెప్పినది విని, ఏకంగా ఇంగ్లీషులోకి దూకేటప్పుడు మధ్యలో ఏం పడిపోతున్నదో చూసుకోవాలి గదా. అది నేను మా ఇంట్లోనే చూశాను.

మా తమ్ముడి కూతురు బి.ఎస్సీ.లో ఆక్వాకల్చరూ కెమిస్ట్రీ చదువుతున్నది. మా తమ్ముడు భీమవరం దగ్గర పల్లెటూళ్ళో వుంటాడు. అయిదెకరాల రొయ్యల చెరువు కౌలుకు చేస్తున్నాడు. ప్రాజెక్టుకు పిల్ల తమ ఊరే తీసుకుంది. నలభై ఇళ్ళు తిరిగింది. ఒక సాయంత్రం భోజనాల దగ్గర, తాను చూసినదంతా చెప్పుకొచ్చింది. వెనక ఊరి మంచినీళ్ళ చెరువు నీళ్ళు బిందెలతో తెచ్చుకునేవారట. వేసవిలో కాలవలు కట్టేసే ముందు ఆ చెరువు నింపేవారట. ఇప్పుడు తాగడానికి టిన్ను నీళ్ళు కొంటున్నారు, వాడకానికి బోరు. ఒక ముసలమ్మ చెప్పిందట: "చెరువు నీళ్ళలో కందిపప్పు ఇట్టే ఉడికేదే తల్లీ. ఈ బోరు నీళ్ళలో ఎంత మంట పెట్టినా బద్దకు బద్దే. తినే సోడా వెయ్యందే మెత్తబడదు." ఆ ముసలమ్మ చెయ్యి తిప్పుడూ, గొంతూ అన్నీ అనుకరించి చెప్పింది. అందరం నవ్వుకున్నాం.

మర్నాడు రిపోర్టు చూపించింది. ఇంగ్లీషులో వుంది. నీరు ప్రాణకోటికి ఆధారం. భూగోళం మూడు వంతులు నీరే. నీటిని పొదుపుగా వాడుకోవడం పౌరుల విధి. ముసలమ్మ లేదు. పప్పు లేదు. ఊరు పేరు తీసేస్తే అది ఏ దేశానికైనా సరిపోతుంది.

"రాత్రి చెప్పినదేదీ ఇందులో?" అన్నాను.

"అవన్నీ రిపోర్టులో వ్రాస్తారా పెదనాన్నా? అయినా నాకు ఇంగ్లీషులో అలా రాదు."

"ముందు తెలుగులో వ్రాయి. నాకు ఉత్తరం వ్రాస్తున్నట్టు వ్రాయి."

రెండు రోజులు కూర్చుని ఆరు పేజీలు వ్రాసింది. బాగుంది. అందులో ఒక వాక్యం ఇది: రొయ్యల చెరువుల ఉప్పు బోర్లలోకి దిగడం వల్ల పప్పు ఉడకడం లేదు. ఆ ఆరు పేజీలూ తమ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే మేడమ్‌కి చూపించింది. ఆవిడ అక్షరదోషాల జోలికి పోలేదు. ఆ వాక్యం పక్కన మాత్రం ఎర్రసిరాతో చిన్న ప్రశ్న వేసింది: ఉప్పువల్లనా, నీటి కాఠిన్యం వల్లనా? రెండూ ఒకటేనా?

మా పిల్ల కాఠిన్యం గురించి పదో తరగతి నుంచీ చదువుతూనే వుంది. కాల్షియం, మెగ్నీషియం అని నిద్రలో లేపినా చెబుతుంది. ఆ పాఠానికీ పొయ్యి మీది పప్పుకీ సంబంధం వున్నదని ఆ ప్రశ్న చూసేదాకా దానికి తట్టలేదు. పప్పు బద్దను గట్టిగా పట్టుకుని వుంచే పదార్థాన్ని కాల్షియం ఇంకా బిగిస్తుంది. తినే సోడా ఆ బిగువు సడలిస్తుంది. మామూలు ఉప్పు అలా చెయ్యదు. మేడమ్‌గారి అనుమతితో, పాత చెరువు నీళ్ళు ఒక సీసా, రెండు బోర్ల నీళ్ళు రెండు సీసాలు తెచ్చి కాలేజీ లాబరేటరీలో పరీక్ష చేసింది. ఇ.డి.టి.ఏ. ద్రావణం బొట్టు బొట్టుగా వేస్తూ, ద్రాక్షపండు రంగు నీలంగా మారేదాకా చూసే ప్రయోగం. మొదటి సంవత్సరంలో చేసినదే. అప్పుడు మార్కులకోసం చేసింది. ఇప్పుడు నీలం రంగు ఎప్పుడొస్తుందా అని ఊపిరి బిగబట్టి చేశానని చెప్పింది. బోరు నీళ్ళకు చెరువు నీళ్ళకంటే చాలా ఎక్కువ ద్రావణం పట్టింది.

అయినా వాక్యం పూర్తికాలేదు. బోరు నీరు కఠినమైనదని తేలింది. అది రొయ్యల చెరువులు వచ్చాక అలా అయిందా, మొదటినుంచీ అంతేనా? మళ్ళీ ముసలమ్మ దగ్గరికి వెళ్ళింది. "చెరువులు రాకముందు బోరు నీళ్ళతో వండేవారా?" అని అడిగింది. "అప్పుడు బోరెక్కడిదే?" అందావిడ. అంటే వెనకటి నీళ్ళతో పోల్చి చూడడానికి ఆధారం లేదు. పిల్ల ఆ వాక్యం కొట్టేసి మూడు వాక్యాలు వ్రాసింది: బోరు నీరు కఠినంగా వుంది, ఉప్పదనం వుందని జనం చెబుతున్నారు, దాన్ని కొలవలేదు, ఇందుకు చెరువులే కారణమని చెప్పడానికి పాత లెక్కలు లేవు. కింద ఇంకొకటి చేర్చింది: చెరువులకు దగ్గరి బోర్లనూ దూరపు బోర్లనూ ఏడాది పొడుగునా కొలిస్తే తెలుస్తుంది.

నేను ఎన్నో రిపోర్టులు చూశాను గాని, తమకు తెలియనిది ఏమిటో ఇంత శుభ్రంగా చెప్పిన పేజీ చూడలేదు.

తరువాత ఆ తెలుగు ప్రతి పక్కన పెట్టుకుని ఇంగ్లీషు రిపోర్టు తానే వ్రాసింది. తప్పులున్నాయి. కాని ఈసారి ముసలమ్మ వుంది, పప్పు వుంది, మూడు సీసాలూ వున్నాయి. మార్కులంటారా, మెరూను బైండింగు వేయించుకున్న పిల్లలకు వచ్చినన్నే వచ్చాయి. ఆ కాలేజీని తప్పుపట్టి లాభం లేదు. ఒక్కొక్క అధ్యాపకుడి కింద ఎంతమంది రిపోర్టులుంటాయో నాకు తెలుసు. హవాయిలో 20 మందికి మించవద్దన్నది ఊరికే పెట్టిన నియమం కాదు. ఆ మేడమ్‌గారే ఒక ఉపాయం చెప్పారు. ఏడాది చివర అరవై పేజీలు అడిగే బదులు, వారానికి ఒక్క పేరా, అదీ ఒక వారం ఇరవై మందిది, తరువాతి వారం మరో ఇరవై మందిది తీసుకుంటే, చదివి ఒక్క ప్రశ్న వేసి ఇవ్వడం తన వల్ల అవుతుందట. వచ్చే ఏడు తన క్లాసులో అలా చేసి చూస్తానన్నారు. తెలుగులో వ్రాసి తెచ్చినా ఫరవాలేదట, ఇంగ్లీషు తరువాత చూసుకుందామట.

ఇంట్లో మాత్రం గొడవ అయింది. మా తమ్ముడు తెలుగు ప్రతి చదివాడు. "మన తిండి ఆ చెరువు మీద. నువ్వే చెరువుల మీద వ్రాసి సర్పంచికి ఇస్తావా?" అన్నాడు. చెరువులే కారణమని తాను వ్రాయలేదని పిల్ల చూపించింది. "మరి కొలవమని ఎందుకు వ్రాశావు? ఆ వాక్యం తీసెయ్యి" అన్నాడు. రెండు రోజులు తండ్రీ కూతుళ్ళకు మాటల్లేవు. మా మరదలు ఎటూ చెప్పలేక వడ్డించి వెళ్ళిపోయేది.

మూడో రోజు పిల్ల సర్వే కాగితం తీసుకుని తండ్రి ముందు కూర్చుని, నలభై ఇళ్ళవాళ్ళనీ అడిగిన ప్రశ్నలే వరసగా అడిగింది. వాడు కోపంతోనే జవాబులు చెప్పాడు. పంచాయతీకి ఇచ్చిన ప్రతిలో, కొలవమన్న వాక్యం అలాగే వుంది. దాని కింద నలభై ఒకటో ఇల్లు కూడా చేరింది: అయిదెకరాల రొయ్యల చెరువు కౌలుదారు, ఇంట్లో నలుగురు, తాగడానికి రోజుకొక టిన్ను కొంటారు.